మైకుకు ఒక అడుగు వెనక

గుంటూరు వైపు ఊళ్ళలో "మేం క్రైస్తవులమండీ" అంటే వెంటనే వచ్చే ప్రశ్న "ఏ మిషను?" అని. మా పక్క వీధి వాళ్ళు లూథరన్లు, చెరువు గట్టు దగ్గర బాప్టిస్టులు, మేము ఆర్‌.సి.ఎం., అంటే రోమన్ కతోలికులం. వాళ్ళు ఆదివారం ఆరాధనకు వెళ్తారు, మేము పూజకు వెళ్తాం. దారిన పోయేవాళ్ళకు ఈ తేడాలేవీ తెలియవు. వాళ్ళ చెవిన పడేది మైకులోంచి వచ్చే పాటే. "మీ గుళ్ళో పొద్దున్నే పాడే ఆవిడ మీరేనటగా" అని మా స్కూలు పిల్లల తల్లులు నన్ను అడుగుతుంటారు. నేనే. హైస్కూల్లో తెలుగు చెబుతాను, ఆదివారం మా విచారణ గుడిలో పాట ఎత్తుకుంటాను. విచారణ అంటే ఒక గురువు (ఫాదర్) కింద ఉండే నాలుగైదు ఊళ్ళ సంఘం.

బృందంలో పాడేవాళ్ళకు పక్కవాళ్ళ అండ ఉంటుంది. శ్వాస అందకపోతే ఒక చరణం మింగేసినా ఎవరికీ తెలియదు. పాట ఎత్తుకునే మనిషికి ఆ వెసులుబాటు లేదు. పెద్ద పెద్ద గుళ్ళలో ఈ మనిషిని క్యాంటర్ అంటారు. ముందు తనొక్కతే పాడాలి, ఆ వెంటనే మూడు నాలుగు వందల మంది చేత పాడించాలి. ఆ మూడు నాలుగు వందల మందిలో కళ్ళజోడు మరిచిపోయి వచ్చిన తాత, చంటిపిల్లను ఊరుకోబెడుతున్న తల్లి, గుమ్మం దగ్గరే నిలబడి లోపలికి రాని కుర్రాళ్ళు, అందరూ ఉంటారు.

పూజలో పాటలన్నీ మా ఇష్టం కాదు. గురువు పీఠం దగ్గరికి వచ్చేటప్పుడు, కానుకలు సమర్పించేటప్పుడు, సత్ప్రసాదం (కమ్యూనియన్) తీసుకునేటప్పుడు, ఆఖరున ఇంటికి మళ్ళేటప్పుడు పాడేవి మేం ఎంచుకుంటాం. మహిమ గీతం, 'పరిశుద్ధుడు', 'దేవుని గొఱ్ఱెపిల్ల' లాంటివి పూజలో అంతర్భాగం. వాటి బాణీ మార్చుకోవచ్చు, మాటలు మార్చడానికి లేదు. ఈ రెండింటి మధ్య ఉంటుంది నాకు ప్రాణమైన భక్తి కీర్తన. బైబిల్లో నూట యాభై కీర్తనలున్నాయి. యేసు పుట్టక ముందు నుంచీ యూదులు పాడుకున్నవి. ఆదివారం మొదటి పఠనం అయ్యాక, రెండో పఠనానికి ముందు, వాటిలో ఒకదాన్ని పాడతాం. ఏ ఆదివారం ఏది అన్నది ముందే నిర్ణయమై ఉంటుంది, మూడేళ్ళకొకసారి ఆ వరస తిరిగి వస్తుంది. మంచి కాపరి ఆదివారం అంటాం చూడండి, పాస్కా (ఈస్టర్) కాలం నాలుగో ఆదివారం, అది ఒక ఏడు 23వ కీర్తనతో, మరుసటి ఏడు 118తో, ఆ పై ఏడు 100తో వస్తుంది. సాధారణంగా మా ఊళ్ళో పాడే కీర్తననే ఆ రోజు రోములోనూ పాడతారు, మనీలాలోనూ పాడతారు.

పద్ధతి సులువు. నేను పల్లవి పాడతాను, జనం తిరిగి పాడతారు. ఒక్కో చరణం నేను పాడాక వాళ్ళు మళ్ళీ పల్లవి అందుకుంటారు. ఇబ్బందల్లా తెలుగు పాఠంతో. కీర్తన మన బైబిల్లో వచనంలా సాగుతుంది, ఒక వాక్యం పొట్టి, దాని పక్కది బారెడు. ఏ తాళంలోనూ ఒదగదు. అందుకని చరణాన్ని తాళానికి కట్టను. ఒకే స్వరం మీద మాటలు మాట్లాడినట్టే నడిపించి, వాక్యం చివరి నాలుగైదు అక్షరాల దగ్గర మాత్రం రాగం తిప్పి దించుతాను. శుక్రవారం రాత్రి అన్నాలయ్యాక పుస్తకం ముందేసుకుని పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటాను. ఇక్కడ ఊపిరి, ఇక్కడ నిలుపు, ఇక్కడ తిప్పు. పదాన్ని నడిమికి విరిచే చోట శ్వాస తీస్తే అర్థమే మారిపోతుంది. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు పదవిభాగం చెబుతున్నదాన్ని, నేనే విరిస్తే ఎలా?

మా ప్రాంతంలో పాట అంటే తెనాలి నాటకాల పద్యం అందరికీ మనసులో ఉంటుంది. రాగం తీస్తే వన్స్‌మోర్ పడాలి. పౌరాణిక పద్యమంటే నాకూ ఇష్టమే. కీర్తనకు మాత్రం ఆ పోకడ పనికిరాదు. జనం కూర్చుని వినేది దేవుని వాక్యం, అదొక పఠనమే. నిబంధన కూడా పఠనాలు చదివే పీఠం దగ్గరో, తగిన మరో చోటో నిలబడి పాడమంటుంది. గమకాలు వేసి ఎవరైనా అక్కడ రాగం సాగదీస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

పల్లవికి నేను పెట్టుకున్న కొలత ఒకటుంది. ఒక్కసారి వినగానే పట్టుబడాలి, ఒక్క ఊపిరిలో అయిపోవాలి. ఐదారు స్వరాలు దాటితే జనం జారిపోతారు. చప్పట్లు కొట్టమనే 47వ కీర్తన, మోక్షారోహణ పండుగనాటిది, మోహనంలో కడితే పిల్లలు కూడా అందుకుంటారు. విభూది బుధవారం వచ్చే 51, పశ్చాత్తాపపు కీర్తన, శుభపంతువరాళిలో బాగుంటుంది. శివరంజని జోలికి మాత్రం వెళ్ళను. ఆ రాగం ఎత్తుకుంటే సగం మందికి సినిమా పాట గుర్తొస్తుంది, కీర్తన గాలికి పోతుంది.

ఇక శ్రుతి. పాడేవాళ్ళు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. నా ఒక్కదాని గొంతుకైతే ఐదు శ్రుతి హాయి. ఆ శ్రుతిలో పై షడ్జమం దాకా పోయే పల్లవి జనానికిస్తే ఆడవాళ్ళు అరుస్తారు, మగవాళ్ళు మానేస్తారు. అందుకని రెండున్నరకో మూడుకో దించుతాను. నా గొంతుకు అది కాస్త బరువే. అయినా ఆ పూట శ్రుతి నాది కాదు, వాళ్ళది. కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది గనక వాయించే కుర్రాడికి కష్టమేమీ లేదు. జనం అందుకోగానే మైకుకు ఒక అడుగు వెనక్కి వేస్తాను, చెయ్యి మాత్రం పైకెత్తి ఉంచుతాను. ఆ అడుగు వేయకపోతే స్పీకర్లో నా గొంతే మోగుతుంది. తమ గొంతు తమకు వినపడని మనిషి రెండో సారి నోరు తెరవడు.

సాధన శనివారం సాయంత్రం. కీబోర్డు వాయించేవాడు ఇంజనీరింగు చదివే కుర్రాడు, మంచి చెయ్యి. మొన్న తపస్కాలంలో మా ఇద్దరి సంభాషణ ఇలా నడిచింది.

"టీచర్ గారూ, స్టైల్ వేసేదా?"

"తపస్కాలంలో స్టైలేంట్రా అబ్బాయ్? కార్డులు పట్టు చాలు."

"జనానికి ఊపు రాదు కదండీ మరి."

"రాకపోతే రాకపోనీ. పాట కింద పడకుండా పట్టుకో, అంతవరకే నీ పని."

స్టైల్ అంటే కీబోర్డు దానంతటదే వాయించే తాళం, కార్డులంటే పాట కింద కలిపి పట్టే స్వరాలు. స్టైల్ వద్దనడం నా చాదస్తం కాదు. విభూది బుధవారం నుంచి పాస్కా దాకా సాగే ఆ కాలంలో వాయిద్యాలు గొంతుకు ఆసరాగా మాత్రమే ఉండాలని పూజా నియమం. నాలుగో ఆదివారానికి, మధ్యలో వచ్చే పెద్ద పండుగలకు మినహాయింపు ఉంది. ఆదివారాల మహిమ గీతం ఆగిపోతుంది, 'అల్లెలూయ' అన్న మాట అసలు నోట రాదు. పవిత్ర గురువారం సాయంత్రం మహిమ గీతం పాడుతూ గంటలు మోగిస్తారు, ఆ తరవాత శనివారం రాత్రి దాకా గంట వినపడదు. తబలా కట్టేసి, స్టైల్ ఆపేసి వట్టి గొంతులతో పాడుకునే ఆ వారాల్లోనే మా బృందం శ్రుతి బాగుపడుతుందని నా అనుభవం. దాక్కోవడానికి చోటుండదు మరి.

మా నాయనమ్మకు సంతకం పెట్టడం రాదు, లాటిన్ పాటలు మాత్రం నోటికొచ్చు. సత్ప్రసాద ఆరాధనప్పుడు పాడే 'తాంతుం ఎర్గో' అర్థం తెలియకుండానే, శ్రుతి తప్పకుండా మొత్తం పాడేది. 1960ల దాకా దాదాపు ప్రపంచమంతటా రోమన్ పద్ధతి పూజ లాటిన్‌లోనే జరిగేది. బృందంలో పాడటం ఆడవాళ్ళ పని కాదని కూడా అప్పట్లో రాతపూర్వకంగా ఉండేది. 1903 నవంబరు 22న, సంగీతకారుల పాలక పునీతురాలు సిసిలియమ్మ పండుగనాడు, పదవ పయస్ పోపు ఒక ఉత్తర్వు ఇచ్చారు. గుడిలో పాడటం ఆరాధనలో ఒక అధికారిక బాధ్యత గనక స్త్రీలను బృందంలో చేర్చకూడదని, పై స్థాయి గొంతులు కావలిస్తే మగపిల్లల్ని పెట్టుకోవాలని అందులో ఉంది. పియానో, డ్రమ్ములు, తాళాలు కూడా ఆ ఉత్తర్వులోనే నిషిద్ధం. సంగీతానికి అధిదేవతలా చూసుకునే స్త్రీ పండుగనాడే స్త్రీల నోరు కట్టేయడం ఏం ముచ్చటో!

1955లో పన్నెండవ పయస్ కొంత సడలించారు. బలిపీఠం ఉన్న ఆవరణ బయట నిలబడి పాడొచ్చన్నారు. రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న ఆరాధన మీద వెలువరించిన పత్రం తలుపులు తెరిచింది. గ్రెగోరియన్ గానానికి, పైప్ ఆర్గాన్‌కు పెద్దపీట వేస్తూనే స్థానిక భాషలకు చోటిచ్చింది, సొంత సంగీత సంప్రదాయం ఉన్న ప్రజలు దాన్ని పూజలోకి తెచ్చుకోవచ్చంది. 1967లో రోము ఇచ్చిన సూచనలు బృందంలో స్త్రీలుండవచ్చని స్పష్టంగా చెప్పాయి. హార్మోనియం, తబలా మా గుళ్ళలో కుదురుకున్నది ఆ గాలి తగిలాకే. మా అమ్మ తరం తెలుగు పాటలు నేర్చుకుంది. నా తరానికి సికింద్రాబాదు అమృతవాణి సంస్థ కేసెట్లు గురువులయ్యాయి. టేప్‌రికార్డర్ వెనక్కి తిప్పుతూ, ముందుకు తిప్పుతూ చరణాలు నోట్‌బుక్కులో రాసుకున్న పిల్లల్లో నేనొకదాన్ని. నేనిప్పుడు నిలబడే చోటు మా నాయనమ్మ పెళ్ళినాటికి నిషిద్ధ స్థలం. ఆవిడకు ఆ సంగతి తెలుసో లేదో మరి, బల్లమీద కూర్చుని గొంతెత్తి పాడేది.

ఏడాది మొత్తంలో పాడేవాళ్ళకు అసలు పరీక్ష పాస్కా జాగరణ. పవిత్ర శనివారం రాత్రి గుడి బయట నిప్పు రాజేసి, ఆ నిప్పుతో పెద్ద పాస్కా కొవ్వొత్తి వెలిగించి, చీకటి గుళ్ళోకి ఊరేగింపుగా తెస్తారు. ఆ ఒక్క వత్తి నుంచి అందరి చేతుల్లోని కొవ్వొత్తులూ వెలుగుతాయి. అప్పుడు పాస్కా ప్రకటన గీతం పాడాలి. డీకన్ (గురువు కింది స్థాయి సేవకుడు) పాడాలి, లేకపోతే గురువు, వాళ్ళెవరికీ వీలు కాకపోతే నాలాంటి గృహస్థులు పాడొచ్చు. అలా పాడితే గురువో డీకనో పలకాల్సిన మాటలు కొన్ని వదిలేయాలి. ఇంచుమించు పది నిమిషాల పాట. మా గుళ్ళో వాయిద్యం లేకుండానే పాడతాం. పల్లవి లేదు, జనం తోడు రారు. దీపాలు ఆర్పక ముందే ఫోన్లో శ్రుతి యాప్ చెవికి ఆనించుకుని షడ్జమం తీసుకుంటాను. ఆ రాత్రి గుండె దడకు గొంతు దానంతటదే పైకి పోతుంది. ఆ పాటలో ముందుకు వెళ్ళేకొద్దీ ఎత్తులున్నాయి గనక మొదట్లో ఎంత కిందికి పట్టుకుంటే అంత మంచిది. పాట పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి అట్టకు అంటించుకుంటాను. పక్కన నిలబడే పిల్లాడు కొవ్వొత్తి కాగితం మీదికి వంచి మైనం కార్చేస్తాడు, ప్రతి ఏడూ జరిగేదే. అందుకే మైనం పడినా కనపడేలా అక్షరాలు ఇంకాస్త లావు చేయించాను.

అక్కడి నుంచి పాత నిబంధన పఠనాలు ఏడు. ప్రతిదాని వెనకా ఒక కీర్తనో గీతమో. వేళ చూసుకుని గురువులు పఠనాలు తగ్గించవచ్చు. మూడింటికి తగ్గకూడదు, ఎర్ర సముద్రం దాటిన ఘట్టం ఎట్టి పరిస్థితిలోనూ వదలకూడదు. ఆ పఠనం తరవాత వచ్చేది కీర్తన కాదు, నిర్గమకాండంలోంచి మోషే, ఇశ్రాయేలు జనం ఒడ్డున నిలబడి పాడిన విజయగీతం. నిద్రకు తూలుతున్న పిల్లలు కూడా దానికి లేచి కూర్చుంటారు. పాత నిబంధన పఠనాలు అయ్యాక దీపాలన్నీ వెలిగి, గంటలు మోగి, మహిమ గీతం తిరిగొస్తుంది. సువిశేషానికి ముందు గురువు 'అల్లెలూయ' మూడు సార్లు ఎత్తుకోవాలి, ప్రతిసారీ ముందటి కంటే ఒక మెట్టు పైన. అందరు గురువులకూ పాట రాదు కదా. రానివాళ్ళు మా వైపు చూస్తారు, ఆ పని కీర్తన పాడేవాళ్ళకు అప్పగించే వీలు నియమాల్లోనే ఉంది. ఇన్ని వారాలు మూసిపెట్టిన ఆ మాట జనం మూడోసారి అందుకునేటప్పుడు గుడి పైకప్పు రేకులు అదురుతాయి. ఆ క్షణానికి మైకు అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు.

ఆరుబయట పాడించడం ఇంకో విద్య. గుణదలలో 1924లో ఫాదర్ అర్లాటి లూర్దుమాత స్వరూపం ప్రతిష్ఠించినప్పటి నుంచీ ఆ కొండ మాకు పెద్ద యాత్రాస్థలం. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో ఉత్సవాలకు లక్షల్లో జనం వస్తారు. అంత మైదానంలో తెలిసివచ్చేది ధ్వని వేగం. శబ్దం సెకనుకు ఇంచుమించు 340 మీటర్లు పోతుంది. వంద మీటర్ల అవతల ఉన్న మనిషికి మా పాట దాదాపు మూడో వంతు సెకను ఆలస్యంగా చేరుతుంది, అతని పాట మాకు చేరడానికి మళ్ళీ అంతే. మామూలు నడక పాటలో రానూపోనూ కలిపితే అది ఒక దెబ్బ తేడా. వెనకవాళ్ళ కోసమని ఆగితే పాట ఈడిగిలబడుతుంది. అక్కడ జనాన్ని వినకూడదు, తాళం వేసే చేతిని చూస్తూ పోవాలి. జనాన్ని వినమని గుళ్ళో నేను ఎప్పుడూ చెప్పేదానికి ఇది పూర్తిగా తలకిందులు.

వీటన్నిటి కంటే ఎక్కువగా మమ్మల్ని పిలిచేది చావులకు. చావుకు సాధన ఉండదు, శనివారం దాకా ఆగదు. కబురు రాగానే సగం పూట సెలవు చీటీ రాసి వెళ్తాను. సమాధుల తోటలో కీబోర్డు లేదు, మైకు లేదు, నలుగురం వచ్చి ఉంటే గొప్ప. ఇంటివాళ్ళు ఏడుస్తుంటే గొంతు పూడుకుపోకుండా పాడటం ఏ మాస్టారూ నేర్పలేడు. నేను మట్టుకు ఎవరి ముఖమూ చూడను, ఎదురుగా ఏదో ఒక చెట్టు కొమ్మ మీద చూపు నిలుపుకుంటాను.

ఇప్పుడు ఒక పేచీ. యూట్యూబులో కొత్త పాటలు వారం వారం వస్తున్నాయి. కొన్ని నిజంగా బాగుంటాయి, ఇంట్లో వంట చేస్తూ నేనూ వింటాను. వాటిని స్టూడియోలో ఒక్క గొంతు కోసం కట్టారు. కింది పంచమం నుంచి పై పంచమం దాకా పరుగులు, నడుమ నడుమ నాలుగేసి ఆవర్తాల బిట్లు. అలాంటి పాట సత్ప్రసాదం వేళ పెడితే బృందం పాడుతుంది, జనం వింటారు. మహిమ గీతం చోట 'మహిమ' అన్న మాటతో మొదలయ్యే వేరే పాటేదో పాడేసే గుళ్ళు కూడా చూశాను. ఆ గీతం మాటల బదులు వేరే మాటలు పెట్టకూడదని నియమం సూటిగా చెబుతుంది. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు తరఫువాళ్ళు సినిమా బాణీలో కానుకల పాట కావాలని పట్టుబట్టారు. రిసెప్షన్‌లో పాడిస్తామని చెప్పి ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. పాత పాట ఒక్కటి నలభై గొంతులతో పాడితే వచ్చే బలం, కొత్త పాట నాలుగు గొంతులతో పాడితే రాదు. ఈ మాట మా కుర్రాళ్ళతో ఎన్నిసార్లు అన్నానో! సగం మంది ఒప్పుకున్నారు.

మా బృందంలో ఇప్పుడు ఆడవాళ్ళు, పిల్లలే ఎక్కువ. ఒకప్పుడు ఆడవాళ్ళను రానివ్వని చోట ఇప్పుడు మగవాళ్ళు కరువయ్యారు. "నాకు పాడటం రాదు టీచర్ గారూ" అనే మగవాళ్ళందరూ పెళ్ళి ఊరేగింపులో పాడతారు, ట్రాక్టర్ మీద పాడతారు, గుళ్ళోకి వస్తే చేతులు కట్టుకుని నిలబడతారు. శ్రుతి మీకు అందేలా దించి పెట్టే పూచీ నాది, నాలాంటి వాళ్ళది. ఇది చదివే ఆర్‌.సి.ఎం. అన్నదమ్ములెవరైనా ఉంటే, మీ విచారణలో శనివారం సాధన ఎన్ని గంటలకో కనుక్కుని వెళ్ళండి. పాటల పుస్తకం వాళ్ళే ఇస్తారు.